గడప గడప తిరిగిన ఫ్రెడరిక్ లిస్టు

ఉగాది సంచికలలో కవుల జీవితములు, దేశభక్తుల జీవితములు వ్రాయుట పరిపాటి. ఈసారి మేము దిగుమతి సుంకముల పట్టికలతో ఆయుష్షంతా గడిపిన ఒక జర్మను దేశీయుని కథను ఎన్నుకొన్నాము. పండుగపూట ఈ సుంకముల గొడవ ఏమిటని పాఠకులు అనుకొనవచ్చును. అందుకు కారణములు రెండు కలవు. మొదటిది, అతడును మన పెద్దలవలెనే పుట్టినచోట నిలువ నీడ లేక పరదేశమున కాపురము పెట్టినవాడు; అక్కడ తన మాతృభాషలో పత్రిక నడిపినవాడు. రెండవది, మన ఒంటిమీది గుడ్డ ధర, మన మగ్గముమీది నూలు ధర, మన పిల్లలు పనిచేయు కార్ఖానాల నిలుకడ చాలవరకు సుంకముల పట్టికలమీద ఆధారపడి ఉన్నవి. ఆ పట్టికలు ఆకాశమునుండి ఊడిపడవు. ఎవరో నలుగురు కూడి, చందాలు వేసికొని, మహజరులు వ్రాసి, మంత్రుల గడపలు ఎక్కి దిగి వ్రాయించుకొన్నవే అవి.

అడగనిదే అమ్మయినా పెట్టదని మన సామెత. పరిశ్రమలవారు ప్రభుత్వమును అడుగుట ఎట్లో నేర్పినవారిలో ఫ్రెడరిక్ లిస్టు మొదటి వరుసవాడు. అడిగినవారికి ఏమి ముట్టినదో, అడుగలేనివారికి ఏమైనదో, అందరి తరపున అడిగినవానికి చివరకు ఏమి మిగిలినదో అతని జీవితము తెలియజేయును.

బాల్యము, ఉద్యోగము

లిస్టు 1789వ సంవత్సరము ఆగస్టు నెలలో దక్షిణ జర్మనీలోని రాయిట్లింగెన్ పట్టణమున పుట్టినాడు. తండ్రి తోళ్లు పదునుచేయు వృత్తివాడు; ఊరిలో పెద్దమనిషి. ఆ పట్టణము అప్పటికి ఏ రాజుకును లోబడక తన పరిపాలన తానే చూచుకొను స్వతంత్ర నగరము. లిస్టు బాలుడుగా ఉండగనే, నెపోలియను కాలపు మార్పులలో, అది వుర్టెంబర్గు రాజ్యములో కలిసిపోయినది. తమ ఊరి వ్యవహారము తాము చక్కబెట్టుకొను పౌరులమీద ఎక్కడనుండియో గుమాస్తాలు వచ్చి అధికారము చేయుట ఆ పిల్లవాడు కన్నులారా చూచినాడు. ఆ చేదు అతని మనస్సును ఎన్నడును వదలలేదు.

తోళ్ల పని అతనికి పట్టుబడలేదు. సర్కారు కొలువులో లేఖకుడుగా చేరి, చురుకుదనము వలన పై మెట్లు ఎక్కినాడు. 1816లో యూరపు ఖండములో ఎండలు కాయలేదు. చలికి, వానలకు పంటలు పాడైనవి. మరుసటి యేడు కరువు పుట్టినది. వుర్టెంబర్గు ప్రజలు గుంపులు గుంపులుగా అమెరికాకు బయలుదేరినారు. వారెందుకు పోవుచున్నారో విచారించి రమ్మని ప్రభుత్వము 1817లో లిస్టును హైల్‌బ్రాన్ పట్టణమునకు పంపినది. నది ఒడ్డున పడవలకై కాచుకొన్న కుటుంబములను అతడు ఒక్కొక్కరినే అడిగి వ్రాసికొన్నాడు. పన్నుల భారము, అధికారుల వేధింపు, తిండికి కరువు అని వారు చెప్పినారు. ప్రశ్నలడుగ పోయిన ఆ ఉద్యోగి ఎనిమిదేండ్లు తిరుగకముందే ఆలుబిడ్డలతో తానును అదే దారి పట్టవలసి వచ్చినది.

ఆ సంవత్సరమే అతనికి ట్యూబింగెన్ విశ్వవిద్యాలయములో పరిపాలనాశాస్త్ర ఆచార్య పదవి లభించినది. వయస్సు 28 ఏండ్లు. అక్కడనే కుదురుగా ఉండిన యెడల అతని జీవితము సుఖముగా గడచిపోయియుండును.

38 సుంకపు గీతలు

ఆనాటి జర్మనీ ఒక దేశము కాదు. చిన్నవి పెద్దవి కలిసి 40కి దగ్గరగా రాజ్యములు. ఒక్కొక్క రాజ్యమునకు ఒక్కొక్క సుంకపు పట్టిక, సరిహద్దుకొక సుంకపు ఠాణా. హాంబర్గులో కొన్న సరకు ఆస్ట్రియాకు చేరవలెనన్న పది రాజ్యములు దాటవలెను. పది చోట్ల బండి దింపవలెను. పది తడవలు సుంకము చెల్లింపవలెను. మొత్తము 38 సుంకపు గీతలు జర్మను వర్తకుని చుట్టును కట్టిన దడివలె ఉండినవి. ఫ్రాన్సు వర్తకుడు మాత్రము తన దేశము ఒక కొననుండి మరియొక కొనకు అడ్డు లేక సరకు తోలుచుండెను.

దీనిపై మరియొక దెబ్బ. నెపోలియను యుద్ధములు 1815లో ముగియగనే ఇంగ్లీషు మిల్లుల నూలు, బట్టలు, ఇనుప సామాను జర్మను సంతలను ముంచివేసినవి. యుద్ధకాలమున మొలకెత్తిన కార్ఖానాలు మూతపడసాగినవి. పెద్ద రాజ్యమైన ప్రష్యా 1818లో తన భాగములన్నిటికి ఒకే సుంకపు చట్టము చేసికొని తన ఇల్లు తాను చక్కబెట్టుకొన్నది. చుట్టునున్న చిన్న రాజ్యములవారికి మాత్రము ఆ గోడ మరింత ఇబ్బందియైనది.

1819 ఏప్రిల్‌లో లిస్టు ఫ్రాంక్‌ఫర్టు వచ్చినాడు. అది వసంతకాలపు పెద్ద సంత జరుగు సమయము. సంతకు వచ్చిన వర్తకులు, కార్ఖానాదారులు తమ గోడు చెప్పుకొని, సమాఖ్య సభకు ఒక మహజరు వ్రాసి పెట్టుమన్నారు. లిస్టు వ్రాసి యిచ్చినాడు. అందులోని కోరికలు రెండే. లోపలి సుంకములన్నియు తీసివేయవలెను. వెలుపలి సరిహద్దున అందరికి ఉమ్మడిగా ఒకే సుంకము ఉండవలెను. పరదేశములు తమ తలుపులు తెరచువరకు మన తలుపునకును గడియ ఉండవలెను. పరిశ్రమలవారు పాలకులను అడిగిన అడుగులలో ఇది చరిత్రకెక్కినది.

మహజరుతో పని తీరదని లిస్టునకు తెలియును. ఆ సంతలోనే వర్తకులకు, పరిశ్రమలవారికి ఒక సంఘము కట్టించినాడు. దానికి తానే సలహాదారు. పట్టణ పట్టణమునను సంఘపు మనుషులు ఏర్పడినారు. చందాలు వసూలైనవి. సంఘమునకు ఒక పత్రిక పెట్టి, ఏ ఊరిలో ఎన్ని మగ్గములు ఆగినవో, ఏ సుంకము ఎవరిని ఎట్లు చంపుచున్నదో వారము వారము ప్రకటించుటకు ఆరంభించినాడు. నాటినుండి నేటివరకు పరిశ్రమల సంఘములు చేయు పని ఇదియే. లెక్కలు పోగుచేయుట, పత్రికలలో వ్రాయించుట, అధికారులను కలియుట, ఆశించిన చట్టమునకు ముసాయిదాను తామే సిద్ధముచేసి చేతికందించుట. రాజులు మాత్రమే పాలించు కాలములో, ఓటు అన్నమాట సరిగా వినబడని కాలములో, అతడీ పనికి పూనుకొన్నాడు.

సమాఖ్య సభ ఆ మహజరును త్రోసిపుచ్చినది. ఇట్టి సంఘమును తాము గుర్తింపమనియు, ఎవరి ప్రభుత్వమును వారు అడుగుకొనవలెననియు చెప్పి పంపినది. సెలవు లేకుండ పరాయి ఊరి సంఘములో పని పట్టినాడని వుర్టెంబర్గు ప్రభుత్వము కన్నెఱ్ఱ చేసినది. లిస్టు ఆచార్య పదవి వదలుకొన్నాడు. తరువాత సంఘపు ప్రతినిధులతో కలిసి మ్యూనిక్, స్టుట్‌గార్టు, బెర్లిన్, వియన్నాల ఆస్థానములు తిరిగినాడు. 1820లో వియన్నాలో జర్మను మంత్రుల సమావేశము జరుగుచుండగా నెలల తరబడి అక్కడ మకాము వేసి మంత్రుల గడపలలో కాచుకొన్నాడు. సంఘమన్న మాటకే భయపడు మెటర్నిక్ దొర ఏలుబడి అది. పోలీసులు వారి వెంట నీడవలె తిరిగినారు. మంచిమాటలు దొరకినవి, పని కాలేదు.

సంఘములోపల కూడ ఒక చిక్కు ఉండినది. ఇది మన పాఠకులు గుర్తుంచుకొనదగినది. ఇంగ్లీషు సరకు తెప్పించి అమ్ము వర్తకుడు లోపలి సుంకములు పోవలెననునే గాని వెలుపలి సుంకము పెంచుమనడు. దారము వడుకు మిల్లుదారు వెలుపలి నూలుమీద సుంకము వేయుమనును. ఆ నూలు కొని బట్ట నేయువాడు నూలు చౌకగా దొరకవలెననును. బయటికి ఒకే గొంతువలె వినబడు మహజరులో ఇన్ని గొంతులు ఉండును. ఏ గొంతునకు బలమెక్కువో దాని కోరిక చట్టమగును.

చెర, దేశత్యాగము

1820 చివర రాయిట్లింగెన్ పౌరులు లిస్టును రాజ్యపు శాసనసభకు ఎన్నుకొన్నారు. అతడు సభలో ప్రవేశించుచునే, అధికారుల దుండగములను ఏకరువుపెట్టుచు, ఊరి పరిపాలన ఊరివారికి ఇయ్యవలెనని ఒక విన్నపము సిద్ధపరచినాడు. రాజ్యాంగమును కించపరచినాడని 1821 ఫిబ్రవరిలో అతనిని సభనుండి వెడలగొట్టినారు. మరుసటి యేడు కోటలో 10 మాసముల శిక్ష విధించినారు. లిస్టు తప్పించుకొని ఫ్రాన్సు, స్విట్జర్లాండుల మధ్య రెండేండ్లు తిరిగినాడు. 1824లో, ఇక క్షమింతురని నమ్మి ఇంటికి రాగా, హోహెన్ ఆస్పెర్గు కోటలో బంధించినారు. అమెరికాకు వెళ్లిపోయెదనని ఒప్పుకొన్న మీదట 1825 జనవరిలో విడిచిపెట్టినారు. భార్య కరొలీనాతోను, పిల్లలతోను ఏప్రిల్‌లో ఓడ ఎక్కినాడు.

అమెరికాలో

పారిసులో పరిచయమైన లఫాయెత్ సేనాని ఆ సంవత్సరము అమెరికాలో గౌరవ యాత్ర చేయుచుండెను. అతని వెంట కొంత దూరము తిరుగుటవలన లిస్టునకు ఆ దేశపు పెద్దలతో పరిచయములు కలిగినవి. పెన్సిల్వేనియాలో హారిస్‌బర్గు దగ్గర కొంచెము భూమి కొని సేద్యము పెట్టినాడు; కలిసిరాలేదు. ఆ రాష్ట్రములో తరముల క్రిందటనే వచ్చి స్థిరపడిన జర్మను కుటుంబములు వేలకొలది ఉండినవి. ఇంటిలో, చర్చిలో, అంగడిలో వారిది జర్మను భాషయే. 1826లో లిస్టు వారి నడుమ రెడింగ్ పట్టణమున జర్మను పత్రికకు సంపాదకుడైనాడు. పరదేశమున మాతృభాషా పత్రిక నడుపుటలోని సాధకబాధకములు మన సంఘపు పెద్దలకు క్రొత్తగా చెప్పనక్కరలేదు.

పెన్సిల్వేనియా ఇనుముకు, బొగ్గుకు పుట్టినిల్లు. అక్కడి కార్ఖానాదారులకు ఫిలడెల్ఫియాలో ఒక పరిశ్రమాభివృద్ధి సంఘము ఉండినది. ఐర్లండునుండి వలసవచ్చి అచ్చుకూటము పెట్టుకొన్న మాథ్యూ కేరీ ఇంగ్లీషు సరకుపై సుంకము పెంచవలెనని ఏండ్ల తరబడి కరపత్రములు వెదజల్లుచుండెను. 1827 ప్రారంభములో ఉన్నిబట్టల సుంకము పెంచు బిల్లు సెనేటులో ఓట్లు సరిసమానము కాగా ఉపాధ్యక్షుడు కల్హూను ఓటుతో ఓడిపోయినది. పరిశ్రమలవారు ఊరకుండలేదు. ఆ వేసవిలో 13 రాష్ట్రములనుండి సుమారు 100 మంది ప్రతినిధులు హారిస్‌బర్గులో మహాసభ జరిపి, ఉన్ని, ఇనుము, జనపనార మొదలైనవాటిపై హెచ్చు సుంకము కావలెనని కాంగ్రెసునకు మహజరు పంపినారు.

సరిగా అప్పుడే, పరిశ్రమాభివృద్ధి సంఘపు ఉపాధ్యక్షుడు ఇంగర్సాల్ పేర లిస్టు ఫిలడెల్ఫియా పత్రికలో లేఖల పరంపర ప్రకటించినాడు. సంఘము వాటిని పుస్తకముగా అచ్చువేయించి పంచిపెట్టినది; వానిలోని వాదము కాంగ్రెసు సభ్యుల చెవులకు చేరినది. సుంకము అడుగువారికి అంతవరకు ఒక సంకటము ఉండినది. మా లాభము కొరకు పెంచుడనుటకు నోరు రాదు. ఆడం స్మిత్తు శిష్యులేమో స్వేచ్ఛావర్తకమే శాస్త్రసమ్మతమని గ్రంథములు చూపుచుండిరి. లిస్టు వారికి ఎదురు శాస్త్రము ఒకటి చేసి యిచ్చినాడు. దేశమునకు చేతిలోని ధనముకంటె ధనమును పుట్టించు శక్తి ముఖ్యమని దాని సారము. యంత్రము, నేర్పు, విద్య, రహదారి, మంచి పరిపాలన ఈ శక్తికి అంగములు. అవి కుదురుకొనువరకు చౌక సరకును కొంత విడిచిపెట్టుకొన్నను నష్టము లేదు. లేత మొక్కకు కంచె కావలెను గదా అని అతని వాదము. 1827 నవంబరులో ఫిలడెల్ఫియా పరిశ్రమలవారు అతనికి గొప్ప విందు చేసినారు.

మరుసటి యేడు చట్టమైతే వచ్చినది గాని, దాని రూపము చూచి అడిగినవారే నోరు వెళ్లబెట్టినారు. అది అధ్యక్షుని ఎన్నిక సంవత్సరము. ప్రతి సభ్యుడు తన ప్రాంతపు సరకును పట్టికలో ఎక్కింపజూచినాడు. బట్ట నేయువాడు కోరినది బట్టమీది సుంకము. దానితోపాటు అతడు కొనవలసిన పచ్చి ఉన్నిమీదను సుంకము పడినది. ఓడలు కట్టువాడు కొను ఇనుముమీద, జనపనారమీద పడినది. ఏమియు అడుగని దక్షిణాది ప్రత్తి రైతు ప్రతి వస్తువునకు హెచ్చు ధర ఇయ్యవలసి వచ్చినది. 1828 మే నెలలో సంతకమైన ఆ చట్టమునకు అసహ్యపు సుంకమని పేరు పడినది. 1832లో దక్షిణ కెరోలినా రాష్ట్రము సుంకపు చట్టములు తమ యెడల చెల్లవని ప్రకటించగా దేశము చీలునేమో అనిపించినది. 1833లో రాజీ కుదిరి, క్రమక్రమముగా సుంకము తగ్గించుటకు ఒప్పందమైనది. ఒక కోరికను చట్టసభ గుమ్మము దాటించుట సంఘము చేతిలోని పని. లోపలికి పోయిన పిమ్మట అది ఏ వేషముతో తిరిగివచ్చునో ఎవరి చేతిలోను ఉండదు.

ఈ నడుమ లిస్టు తమాక్వా వద్ద బొగ్గు గనులు కనిపెట్టి, భాగస్థులతో కంపెనీ పెట్టి, 1831లో బొగ్గు తరలించుటకు ఒక రైలుదారి వేయించినాడు. ధనము చేరినది. అమెరికా పౌరుడైనాడు. అక్కడనే ఉండిపోయినచో ధనికుడుగా కన్ను మూసియుండును.

తిరుగుదారి

పుట్టిన నేలమీది మమకారము అతనిని నిలువనీయలేదు. అమెరికా రాయబారోద్యోగము సంపాదించుకొని, దాని అండతో జర్మనీకి తిరిగివచ్చి 1833లో లైప్‌జిగ్ నగరమున దిగినాడు. జర్మనీ అంతటికి రైలుదారులు ఎట్లు వేయవలెనో పటము గీసి ప్రకటించినాడు. లైప్‌జిగ్‌నుండి డ్రెస్డెనునకు రైలు వేయుటకు ఊరివారిని ఒప్పించినది అతడే. 1839లో ఆ దారి పూర్తియైనది. అతనికి మాత్రము కంపెనీలో చోటు దొరకలేదు. కొద్దిపాటి సొమ్ము ముట్టజెప్పి పంపివేసినారు.

అంతకు ముందే, 1834 జనవరి 1వ తేదీన, 18 రాజ్యములు కలిసి ఒకే సుంకపు సరిహద్దు ఏర్పరచుకొన్నవి. జోల్‌వెరైన్ అని ప్రసిద్ధికెక్కిన సుంక సమాఖ్య అదియే. 2 కోట్ల 30 లక్షల జనులు దానిలో చేరినారు. దానిని కట్టినవారు ప్రష్యా మంత్రులు, ఉద్యోగులు, లిస్టు కాదు. అయినను, పదునైదేండ్ల క్రితము ఫ్రాంక్‌ఫర్టు సంతలో వ్రాసిన మహజరులోని మొదటి కోరిక అప్పుడు తీరినది. త్రోసిపుచ్చిన మాటనే కాలము వచ్చి పాలకుల నోట పలికించినది.

1837లో అమెరికాలో బ్యాంకులు కూలి లిస్టు ఆస్తి కరిగిపోయినది. పారిసు చేరి వ్రాతతో బ్రతికినాడు. ఒక్కగానొక్క కొడుకు ఆస్కారు ఫ్రెంచి సైన్యమున చేరి అల్జీరియాలో మరణించినాడు. ఆ దుఃఖములోనే తన పెద్ద గ్రంథము ముగించి 1841లో ప్రకటించినాడు. దేశీయ అర్థశాస్త్ర పద్ధతి దాని విషయము. 1843నుండి సుంక సమాఖ్య పేర ఒక పత్రిక పెట్టి, నూలుమీద, ఇనుముమీద సుంకము కావలెనని మరల ఉద్యమము లేవదీసినాడు. అంతవరకు సుంకము లేని ముడి ఇనుముమీద 1844లో సుంకము వచ్చినది. కార్ఖానాదారుల కూలికి వ్రాయువాడని విరోధులు ఎత్తిపొడిచినారు. అతని గ్రంథము చదివినవారికి ఆ మాట పూర్తిగా న్యాయమనిపించదు. తిండిగింజలమీద, ముడి సరకుమీద సుంకము కూడదని అతడు స్పష్టముగా వ్రాసినాడు. నూటికి 40 నుండి 60 వరకు సుంకమిచ్చినను ఒక పరిశ్రమ మొలకెత్తలేదన్న, తరువాత నూటికి 20 నుండి 30 వరకు అండ యిచ్చినను నిలువలేదన్న, ఆ దేశమున ఆ పరిశ్రమకు తగిన పునాది లేనట్లేనని హద్దు గీసినాడు. కంచె మొక్కకు గాని మానునకు కాదని అతని భావము. కంచె వేయించుకొన్నవారు మాత్రము, మొక్క మానైన తరువాత కూడ తమది ఇంకను మొక్కయే అందురు. ఈ సంగతి ఏ దేశపు సుంకముల చరిత్ర చూచినను కనబడును.

లండను, తుది

1846 వేసవిలో లిస్టు లండను వెళ్లినాడు. ఇంగ్లండునకు జర్మనీకి పొత్తు కుదుర్చవలెనని అతని ఆశ. అప్పుడే ఇంగ్లీషు పార్లమెంటులో ధాన్యముమీది సుంకములు రద్దగుచుండెను. దానిని సాధించినదియు పరిశ్రమలవారి సంఘమే. మాంచెస్టరు మిల్లుదారులు 1838లో మొదలుపెట్టి, కరపత్రములతో, ఊరూర సభలతో, ఓటర్ల పట్టికలు సవరించుటతో ఎనిమిదేండ్లు పోరాడినారు. వారి నాయకుడు కాబ్డెను బట్టల అద్దకపు వ్యాపారి. లిస్టు సుంకము వేయుమని అడిగినాడు. కాబ్డెను తీసివేయుమని అడిగినాడు. ఇద్దరి సాధనములు ఒకటియే.

లిస్టు దృష్టిలో ఆ తేడాకు కారణము సులభము. సుంకములు, ఓడల చట్టముల అండన ఇంగ్లండు గట్టెక్కినది. ఎక్కిన పిమ్మట సుంకము పాపమని లోకమునకు బోధించుచున్నది. ఏరు దాటువరకు ఓడ మల్లయ్య, దాటిన తరువాత బోడి మల్లయ్య అన్న మన సామెత దీనికి చక్కగా అమరును.

పొత్తు ప్రయత్నమును ఇంగ్లీషు మంత్రులు మన్నించలేదు. జబ్బు, ధనచింత, నిరాశ అతనిని క్రుంగదీసినవి. ఆ చలికాలమున విశ్రాంతికై ప్రయాణమై, ఆల్ప్సు పర్వతములలోని కుఫ్‌స్టైన్ పట్టణమున ఆగి, 1846 నవంబరు 30వ తేదీన మంచులో తన చేతులారా ప్రాణము తీసికొన్నాడు. వయస్సు 57 ఏండ్లు. చనిపోయిన తరువాత దేశము కన్ను తెరచి అతని కుటుంబమునకు చందాలు పోగుచేసినది. 1863లో, అతడు పుట్టిన రాయిట్లింగెనులో విగ్రహము నిలిపినారు.

మన దేశములో ఆ విద్య

లిస్టు భారతదేశమునకు రాలేదు. కాని మన బట్ట అతని గ్రంథములోనికి ఎక్కినది. 1611నుండి ఇంగ్లీషువారు మచిలీపట్నమునుండి అద్దకపు బట్టలు ఓడలకెత్తుచుండిరి. కోరమండలపు కలంకారి లండను స్త్రీలకు మోజైనది. అక్కడి ఉన్ని, పట్టు నేతవారు పార్లమెంటు చుట్టును మూగినారు, మహజరులు పెట్టినారు, అల్లరులు కూడ చేసినారు. 1700లోను, 1721లోను చట్టములు చేయించి మన అద్దకమును ఇంగ్లండులో కట్టకుండ నిషేధింపజేసినారు. చౌకయైన భారతదేశపు బట్టను ఇంగ్లండు తాను కట్టక, యూరపు దేశములకు అమ్మి, తన పరిశ్రమను పెంచుకొన్నదని లిస్టు దృష్టాంతముగా చూపినాడు. మన నేతగానికి ఆ పార్లమెంటులో మహజరు పెట్టువారు లేకపోయిరి.

అయినను లిస్టు ఒక అన్యాయపు మాట వ్రాసినాడు. యంత్ర పరిశ్రమలు చల్లని దేశములకే తగునట. ఎండ దేశములు ముడి సరకు పండించి పంపుటకే తగినవట. అనగా అతడు చేసిన ఆయుధము మనకొరకు కాదు. దానిని మన చేతిలో పెట్టినవారు మహాదేవ గోవింద రానడే పండితులు. 1892లో పుణే డెక్కను కళాశాలలో భారతీయ అర్థశాస్త్రమునుగూర్చి ఉపన్యసించుచు ఆయన లిస్టు వాదమును గ్రహించినారు. ఎండ దేశములకు ఒక పని, చల్లని దేశములకు ఒక పని అను విభజనను మాత్రము త్రోసివేసినారు.

అప్పటికి మాంచెస్టరు సంఘము మన నెత్తిన పనిచేసియే ఉండినది. భారతదేశములో ఇంగ్లీషు బట్టపై నూటికి 5 సుంకము ఉండుట తమకు నష్టమని 1874లో మహజరు పెట్టినారు. 1877లో పార్లమెంటుచేత తీర్మానము చేయించినారు. 1879లో లిట్టను ప్రభువు తన సభలో హెచ్చుమంది వలదన్నను సుంకము తగ్గించినాడు. 1882లో పూర్తిగా ఎత్తివేసినారు. ఖజానాకు డబ్బు చాలక 1894లో మరల సుంకము వేయగా, మిల్లుదారులు మరల పట్టుబట్టినారు. 1896లో దిగుమతి బట్టపై నూటికి మూడున్నర, దానికి సరిగా మన మిల్లు బట్టపైనను మూడున్నర ఎక్సైజు పడినది. దానికి వ్యతిరేకముగా బొంబాయి మిల్లుదారుల సంఘము పోరాడగా పోరాడగా 1926 నాటికి గాని అది రద్దు కాలేదు. 1922లో ఆర్థిక విచారణ సంఘము తగిన పరిశ్రమలను పరీక్షించి రక్షణ ఇయ్యవచ్చునన్నది. 1924లో ఉక్కునకు రక్షణ చట్టము వచ్చినది. కుఫ్‌స్టైనులో సమాధియైన జర్మను మాట ఢిల్లీ శాసనసభలో వినబడినది.

ఇక్కడ మన షోలాపురపు, భివండీ కుటుంబములు జాగ్రత్తగా చదువవలసిన సంగతి ఒకటి కలదు. మిల్లుల కోరికమీద 1927లో దిగుమతి నూలుపై సుంకము పెంచినారు. పౌనుకు అణాన్నరకు తక్కువ కాకుండ నిర్ణయించినారు. నూలు వడుకు మిల్లుకు అది కంచె. నూలు కొని నేయు చేమగ్గమునకు అది భారము. తెలంగాణమునుండి మగ్గములు చేతబట్టుకొని షోలాపురము చేరిన పద్మశాలి నేతగాడు విదేశీ వస్త్రమును ఎంత ద్వేషించినను, అతని పోగు ధర పెంచినది స్వదేశీ సుంకమే. మిల్లుదారులకు సంఘము ఉండినది, గుమాస్తాలు ఉండిరి, శాసనసభలో తమ మనుషులు ఉండిరి. మగ్గమువాని గొంతు అంతదూరము పోలేదు. ఫ్రాంక్‌ఫర్టు సంతలో లిస్టు సంఘములో తలయెత్తిన చిక్కే నూరేండ్ల తరువాత మన గడపలోనికి వచ్చినది.

లిస్టు జీవితమునుండి మేము గ్రహించినది ఇంతే. చట్టసభ చెవి దూరమున ఉన్నది. ఒంటరి మాట అక్కడికి చేరదు. కూడినవారి మాట చేరును. కనుక కూడుట అవసరము, లెక్కలు చేతబట్టుకొని అడుగుట అవసరము. కాని దేశము పేర ఎవరు ఏది అడిగినను, ఆ కోరికలో నూలు వడుకువాడు ఎవడో, నూలు కొనువాడు ఎవడో, కంచె ఎన్నాళ్లకో మనము విచారించవలెను. పుట్టిన దేశము వెడలగొట్టినను దాని మేలు మరువక, తన లాభము చూచుకొనక, గడప గడప తిరిగిన ఆ ప్రవాసి వ్రాసిన హద్దులను అతని పేరు చెప్పుకొన్నవారే మరచినారు. మన సంఘముల మహజరులలోనైనను, మన వెనుక నిలిచి మాట పెగలనివాని పేరు కూడ వ్రాయుదుము గాక.